54 వేల మంది భాషకు సొంత రేడియో, టీవీ

ప్రశ్న: ఫారో దీవుల జనాభా మన దగ్గర ఒక మండలానికి మించదనీ, అయినా వారికి సొంత భాషలో పత్రికలు, రేడియో, టీవీ ఉన్నాయనీ చదివాను. అంత తక్కువ మందితో అవి ఎలా నడుస్తున్నాయి? వారు చూసేదంతా సొంత భాషలోనే ఉంటుందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీరు చదివింది నిజమే. స్కాట్లాండ్‌కూ ఐస్‌లాండ్‌కూ నడుమ, ఉత్తర అట్లాంటిక్‌లో ఉన్న ఆ 18 దీవుల్లో సుమారు 54 వేల మంది నివసిస్తున్నారు. డెన్మార్క్ రాజ్యంలో భాగమైనా వారికి స్వయంపాలన ఉంది. అంత కొద్దిమంది శ్రోతలున్నచోట కేవలం ప్రకటనల రాబడితో పూర్తిస్థాయి ప్రసార సంస్థ నిలదొక్కుకోవడం కష్టం. అక్కడి రేడియో, టీవీ నడుస్తున్నాయంటే, ప్రజలు తమ భాష కోసం పట్టుబట్టి, అందుకయ్యే ఖర్చును ప్రసార రుసుము రూపంలో తామే భరిస్తున్నందువల్లనే.

ఆ పట్టుదల ఒక్కరోజులో రాలేదు. బడిలో, చర్చిలో, ప్రభుత్వ కార్యాలయంలో శతాబ్దాలపాటు డేనిష్ భాషదే పెత్తనం కావడంతో, వారి సొంత భాష ఫారోయీ జనం నోటి మాటగా, ఆడుతూ పాడుకునే సుదీర్ఘమైన కథాగేయాలుగా మాత్రమే బతికింది. 1846లో హామర్స్‌హైంబ్ అనే మతాచార్యుడు దానికి వర్ణక్రమాన్ని ఏర్పరచాడు. దీవికొక యాస ఉన్న భాష కాబట్టి, ఏ ఒక్క యాసకూ పీట వేయకుండా, దానికి మూలమైన పాత నార్స్ భాషకు దగ్గరగా ఉండే స్పెల్లింగును ఎంచుకున్నాడు. పలకని అక్షరాలను కూడా రాయవలసి రావడం అందువల్లనే. అయినా 1878లో క్రమం తప్పకుండా వెలువడటం మొదలైన 'డిమ్మలైట్టింగ్' పత్రిక తొలినాళ్లలో ప్రధానంగా డేనిష్‌లోనే వచ్చింది. పేరు మాత్రం అచ్చమైన ఫారోయీ మాట. చీకటి విచ్చుకునే వేకువ అని దాని భావం. 1888 డిసెంబరు 26న రాజధాని టోర్షావ్న్‌లో భాషాభిమానులు సభ జరిపాక, 1890లో పూర్తిగా ఫారోయీలో తొలి పత్రిక వచ్చింది. 1948 నాటి స్వయంపాలన చట్టం ఫారోయీని ప్రధాన భాషగా గుర్తించింది.

రేడియో 1957లోనూ, టీవీ 1984లోనూ మొదలయ్యాయి. ఇప్పుడు రెండూ ఒకే ప్రజా ప్రసార సంస్థ కింద ఉన్నాయి. చేపల వేట మీద బతికే దేశం కనుక, దక్షిణపు కొసన అక్రాబెర్గ్ నుంచి సాగిన మీడియం వేవ్ ప్రసారాలు సముద్రం మీద ఉన్న పడవలకూ ఇంటి భాషను చేరవేశాయి. వారు వాడే మాటలు కూడా గమనించదగ్గవి: రేడియోను 'ఊత్‌వార్ప్' అంటారు, అంటే బయటికి విసరడం, టీవీని 'శోన్‌వార్ప్' అంటారు, అంటే చూపును విసరడం. 'రేడియో', 'టీవీ' అనే పేర్లను అలాగే దిగుమతి చేసుకోకుండా, రోజూ వార్తల్లో వినిపించి ఈ మాటలను జనం నోటికి అలవాటు చేసిన ఘనతలో ప్రసారకులకు పెద్ద వాటా ఉందని నా అభిప్రాయం.

పత్రికల పరిస్థితి అంత నిలకడగా లేదు. ఆ డిమ్మలైట్టింగే 2013లో దివాలా తీసి, మరుసటి ఏడాది వారపత్రికగా మళ్లీ వచ్చింది.

ఇక మీ రెండో ప్రశ్న. వార్తలు, స్థానిక కార్యక్రమాలు ఫారోయీలోనే ఉంటాయి. కానీ ఇంత చిన్న సంస్థ రోజంతా సొంత కార్యక్రమాలు తీయలేదు. ప్రతి విదేశీ ధారావాహికకూ అనువాదకుణ్ణి పెట్టుకోలేదు. అందువల్ల విదేశీ చిత్రాల కింద చాలావరకు డేనిష్ ఉపశీర్షికలే కనిపిస్తాయి. బడిలో డేనిష్ నేర్చుకుంటారు కనుక పెద్దలకు ఇబ్బంది లేదు. నన్ను బాధించేది పిల్లల సంగతి: వారు ఇష్టపడి చూసేదాంట్లో ఎక్కువభాగం పరాయి భాషలో ఉంటే, ఆటల్లోని మాటలు కూడా ఆ భాషవే అవుతాయి. కంప్యూటర్లలోనూ ఇదే లోటు. గూగుల్ అనువాద సేవలో తమ భాష లేదని 2017లో అక్కడి పర్యాటక శాఖ ఒక మార్గం కనిపెట్టింది. ఎవరైనా ఒక వాక్యం పంపితే, ఒక స్థానికుడు కెమెరా ముందు నిలబడి దానిని ఫారోయీలో పలికి చూపేవాడు. గూగుల్ ఆ భాషను చేర్చుకున్నది 2024లో.