చీరల వెబ్‌సైట్‌లో మెనూ ఎలా ఉండాలి?

సికింద్రాబాద్‌లో చీరల షాపు, వెబ్‌సైట్ మెనూలో ఇరవైకి పైగా పేర్లు, అయినా "గద్వాల చీరలు ఎక్కడున్నాయండీ?" అని కస్టమర్లు వాట్సాప్‌లో అడుగుతున్నారని రాశారు. నేను హైదరాబాద్‌లో చిన్న షాపులకి వెబ్‌సైట్లు చేస్తుంటాను. మీ ఇబ్బంది పేర్ల దగ్గరే మొదలైందని నాకనిపిస్తోంది.

"ప్రీమియం", "క్లాసిక్", "ఎలిగెన్స్" అని పెట్టారు కదా. వాటిలో ఏముందో మీకు తెలుసు, కొనేవాళ్లకి తెలీదు. ముందు వాట్సాప్‌లో పాత మెసేజ్‌లన్నీ కూర్చుని చదవండి. అబిడ్స్‌లో ఒక షాపుకి మేం అదే చేశాం. "పెళ్లికూతురికి పట్టు చూపించండి", "అమ్మకి నారాయణపేట కాటన్ కావాలి", "పెట్టుబడి చీరలు ఐదు వందల్లోపు ఉన్నాయా?" ఎక్కువమంది అడిగింది ఈ తీరులోనే. "పెట్టుబడి చీరలు" అన్న పేరు మెనూలో పెడితే షాపు చవగ్గా కనిపిస్తుందేమోనని ఓనరుగారు చాలా సంకోచించారు. నేను పట్టుబట్టి పెట్టించాను. అరడజను చీరలు ఒకేసారి కొనేవాళ్లు వెతికేది ఆ పేరే మరి!

చీర రకం, సందర్భం మెనూలో ఉండాలి. రంగు, ధర, బ్లౌజు ఉందా లేదా అనేవి ఫిల్టర్లలోకి వెళ్లాలి. ఈ రెండూ కలిపేయడం వల్లే మెనూ ఇరవై దాటుతుంది. గద్వాల పట్టు "గద్వాల"లోనూ "పెళ్లి పట్టు"లోనూ కనిపించినా తప్పులేదు, రెండుచోట్ల నుంచీ ఒకే పేజీకి వెళ్తే చాలు.

ఇక ఫోను. మౌస్ పైన పెడితే తెరుచుకునే మెనూ ఫోనులో పనికిరాదు. మూడు గీతల గుర్తు వెనక అన్నీ దాచెయ్యకుండా, ఎక్కువ అమ్ముడుపోయే నాలుగైదు రకాలు హోం పేజీలో పైనే కనబడనివ్వండి. వెబ్‌సైట్లు అందరూ సులువుగా వాడగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం నొక్కే చోటికి కనీసం 24 పిక్సెళ్లు అడుగుతుంది, ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు 48 డీపీ (ఫోను తెర మీద సైజులకి వాడే కొలత) అంటాయి. నేను 48కే ఓటేస్తాను, పెద్దవాళ్ల వేళ్లకి అదే హాయి. తెలుగులో పేర్లు రాస్తే వరుసల మధ్య ఎడం పెంచండి, లేదంటే "పోచంపల్లి"లో కింది లావత్తు తెగిపోతుంది. సెర్చ్‌లో ఇదే పేరుని ఇంగ్లిష్ అక్షరాల్లో చివర ఒకరు వై పెట్టి, ఇంకొకరు ఐ పెట్టి కొడతారు. రెండిటికీ చీరలు రావాలి.

అంతా అయ్యాక, మీ సైట్ ఎప్పుడూ చూడని పిన్నిగారికో వదినగారికో ఫోనిచ్చి, "ఎర్రంచు గద్వాల వెతికిపెట్టండి" అనండి. మీరు నోరు మెదపకుండా ఆవిడ బొటనవేలు ముందు ఎక్కడికెళ్తుందో చూడండి. వేరే చోటికి వెళ్తే, మార్చాల్సింది అక్కడున్న పేరునే.