15 వేలిచ్చి ల్యాప్‌టాప్ మార్చుకోవాలా? చీటీ ఇప్పుడే ఎత్తాలా?

ప్రశ్న: సార్, మాది అనంతపురం. సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. జీతం 20 వేలు. ముహూర్తాల నెలల్లో సొంత ఆర్డర్ల మీద ఇంకో 10 వేలు వస్తాయి. నా గేమింగ్ ల్యాప్‌టాప్‌లో 12వ తరం ఐ5, ఆర్‌టీఎక్స్ 3050 4 జీబీ కార్డు, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. 4కె ఫుటేజ్ వేస్తే ఆగి ఆగి ఆడుతోంది. ఫ్రెండ్ దగ్గర 10వ తరం ఐ7, ఆర్‌టీఎక్స్ 2060 6 జీబీ ల్యాప్‌టాప్ ఉంది. దానికి థండర్‌బోల్ట్ 3 అనే వేగమైన పోర్టు ఉంది కాబట్టి రేపు బయటి నుంచి పెద్ద గ్రాఫిక్స్ కార్డు తగిలించుకోవచ్చట. నాది తీసుకుని పైన 15 వేలు ఇమ్మంటున్నాడు. నేను లక్ష రూపాయల చీటీ కడుతున్నా, 20 నెలల్లో 8 అయిపోయాయి. ఇప్పుడు పాడితే 22 వేలు పోతాయి. చీటీ ఎత్తి మార్చేసుకోమంటారా?

జవాబు: మార్చుకోవద్దు. చీటీ కూడా ఇప్పుడు ఎత్తొద్దు.

మీ ఫ్రెండ్ చెప్పిన మాటలో అబద్ధం లేదు. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, ర్యామ్ మార్చినట్టు మార్చలేం. థండర్‌బోల్ట్ ఉంటే బయటి పెట్టెలో డెస్క్‌టాప్ కార్డు పెట్టి వాడుకోవచ్చు. గేముల్లో కూడా ఆ 2060 మీ 3050 కంటే కాస్త ముందే ఉంటుంది. అయితే మీరు 15 వేలు కడుతున్నది ఇప్పుడున్న కార్డుకు కాదు, రేపు పెట్టబోయే కార్డు కోసం. కాబట్టి ఆ రేపటి ఖర్చు కూడా ఇప్పుడే కాగితం మీద వేద్దాం.

పవర్ సప్లైతో వచ్చే బయటి పెట్టె 25 నుంచి 30 వేలు. 8 జీబీ ఉన్న కొత్త కార్డు 30 వేల పైమాటే. బయటి కార్డులో తయారైన బొమ్మ మళ్లీ ల్యాప్‌టాప్ స్క్రీన్‌కే రావాలంటే వేగం ఇంకా పడిపోతుంది, అందుకని మానిటర్‌కు మరో 10 వేలు. ఇవి ఉజ్జాయింపు ధరలే, కొనే రోజు మళ్లీ చూసుకోండి. ఫ్రెండ్‌కిచ్చే 15 వేలతో కలిపితే 80 వేలు దాటింది. ఇంత పెట్టినా కార్డు పూర్తి బలంతో పనిచేయదు. థండర్‌బోల్ట్ 3లో కార్డుకు దక్కేది 4 లేన్ల దారి, అంటే డేటా వెళ్లే వరసలు నాలుగే. డెస్క్‌టాప్ బోర్డు మీద పెద్ద స్లాట్‌కు 16 లేన్లుంటాయి.

చీటీ సంగతి చూద్దాం. ఇప్పుడు ఎత్తితే చేతికొచ్చేది 78 వేలు. చివరి నెల దాకా ఆగితే కమీషన్ మాత్రమే పోతుంది. చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ఆ కమీషన్ 7 శాతం దాటకూడదు, అంటే 93 వేలకు తగ్గదు. మీ అవసరం 15 వేలు, దానికోసం వదులుకునేది ఇంకో 15 వేలు. 78 వేలు ఏడాదిపాటు బ్యాంకులో వేసినా అంత వడ్డీ రాదు. మీ చీటీ రిజిస్టరైందో లేదో మీరు రాయలేదు. కట్టిన ప్రతి నెలకూ రసీదు, చీటీ అగ్రిమెంటు కాపీ మీ దగ్గర ఉన్నాయా? లేకపోతే ల్యాప్‌టాప్ మాట పక్కనపెట్టి ముందు అవి అడిగి తెచ్చుకోండి. నోటిమాట మీద నడిచే చీటీ అయితే చివరిదాకా ఆగమనే నా సలహా మీకు పనికిరాదు, పాటలో తక్కువ పోయే నెల చూసి ఎత్తేయండి.

ఇక అసలు ఇబ్బంది. మీ 4కె ఫుటేజ్ ఆగి ఆగి ఆడటానికి కారణం గ్రాఫిక్స్ కార్డేనని నాకు అనిపించడం లేదు. ఇప్పుడు పెళ్లిళ్లలో వాడుతున్న కెమెరాలు చాలావరకు 10 బిట్ 4:2:2లో, అంటే రంగుల వివరం ఎక్కువగా ఉంచే పద్ధతిలో, రికార్డు చేస్తాయి. అది హెచ్.265 పద్ధతిలో కుదించిన ఫైలైతే దాన్ని విప్పే పని మీ 3050కి రాదు, ఫ్రెండ్ 2060కీ రాదు. ఎన్‌విడియా కార్డుల్లో అది ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే మొదలైంది. మీ 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్‌లో ఉండే చిన్న గ్రాఫిక్స్‌కు మాత్రం ఆ పని వచ్చు. ఫ్రెండ్ 10వ తరం ఐ7కి రాదు. అంటే పైన డబ్బిచ్చి మరీ మీ పనికి మీదానికంటే వెనకబడ్డ మిషన్ తెచ్చుకుంటున్నారు.

ఈ రాత్రే ఒకటి చూడండి. గేముల కోసం ఇంటెల్ గ్రాఫిక్స్ ఆపేసి పెట్టారేమో, ల్యాప్‌టాప్‌తో వచ్చిన యాప్‌లో రెండు గ్రాఫిక్స్‌లూ పనిచేసే హైబ్రిడ్ మోడ్‌కు మార్చండి. తర్వాత, మీరు ఎడిట్ చేసేది ప్రీమియర్ సాఫ్ట్‌వేర్‌లో అయితే, దాని సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ కింద ఇంటెల్‌కు టిక్ ఉందా చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు. అప్పటికీ నత్తనడకే అయితే ప్రాక్సీలు, అంటే ఫుటేజ్‌కు తేలికపాటి నకళ్లు, చేసుకుని ఎడిట్ చేయండి. ఆ తర్వాత ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అయినా 15 వేల లోపే అవుతుంది. ముహూర్తాల నెలల్లో వచ్చే డబ్బులోంచి పెట్టండి, అప్పు వద్దు.

చీటీ చేతికొచ్చాక 40 వేలు, అంటే రెండు నెలల జీతం, వేరే ఖాతాలో వేసి మర్చిపోండి. ఆషాఢంలో ఆర్డర్లుండవు, ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే అమ్మ గొలుసు తాకట్టుకు వెళ్లకూడదు. మిగిలిన 50 వేల చిల్లరతో డెస్క్‌టాప్ కట్టించండి, మొదట గ్రాఫిక్స్ కార్డు లేకుండానే. ఇంటెల్ ప్రాసెసర్ కొనండి, పేరు చివర ఎఫ్ అక్షరం లేనిది అడగండి. ఎఫ్ ఉన్నవాటిలో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉండదు, పైన చెప్పిన లాభమంతా పోతుంది. పవర్ సప్లై మాత్రం 650 వాట్లది, మంచి కంపెనీది తీసుకోండి. ఆ మరుసటి ముహూర్తాల డబ్బుతో కార్డు కొని స్లాట్‌లో పెట్టుకుంటారు, ఇంకో మూడేళ్లకు దాన్నమ్మి కొత్తది పెట్టుకుంటారు. మీరు కోరుకుంటున్న అప్‌గ్రేడ్ ఇదే. మన ఊరి కరెంటుకు యూపీఎస్ తప్పనిసరి, దాని ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. కంప్యూటర్ పార్టులు అమ్మే బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో ఒక రేటు, ఇక్కడ ఒక రేటు తెప్పించుకుని పోల్చండి. తేడా రెండు మూడు వేలే అయితే ఇక్కడే కొనండి. పార్టు పాడైతే వారంటీ కోసం బెంగళూరు బస్సెక్కే పని ఉండదు.

ల్యాప్‌టాప్ అమ్మకండి, మండపం దగ్గర కెమెరా మెమరీ కార్డులు కాపీ చేసుకోవడానికి అదే కావాలి.

ఫ్రెండ్ పైన ఏమీ అడగకుండా ఊరికే మార్చుకుందామన్నా, ఎడిటింగే మీ బతుకుతెరువు కాబట్టి వద్దనే అంటాను.