నిద్ర కోసం పాలలో జాజికాయ తాగవచ్చా?

ప్రశ్న: నా వయసు 48. మావారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తారు. నాలుగు నెలలుగా రాత్రి పదకొండింటికి పడుకున్నా ఒంటిగంట దాటితే గాని నిద్ర పట్టడం లేదు, పట్టినా మూడింటికే మెలకువ వస్తోంది. సీజన్ కాబట్టి ఆయన ఎనిమిదిన్నరకు గాని ఇల్లు చేరరు. అప్పుడు ఇద్దరం టీ తాగుతాం. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటాను. జాజికాయ అరగదీసి పాలలో తాగమని మా అత్తగారు, అశ్వగంధ చూర్ణం వాడమని పక్కింటివారు చెబుతున్నారు. ఏడాదిగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. నిద్రమాత్రల జోలికి పోకుండా సహజంగా నిద్ర పట్టే మార్గం చెప్పండి.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు అడిగింది జాజికాయ గురించే అయినా, ముందు మాట్లాడుకోవలసింది ఆ ఎనిమిదిన్నర టీ గురించి. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ నిద్రను దగ్గరకు తెస్తుంది. టీలోని కెఫీన్ దాని పనికి అడ్డం పడుతుంది. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది, కాబట్టి మీ టీలోని కెఫీన్‌లో సగం ఒంటిగంటన్నరకు కూడా ఒంట్లోనే ఉంటుంది. మీవారికి తోడు కూర్చోవడం మానవద్దు గాని, మీ గ్లాసులో పలుచటి మజ్జిగ పోసుకోండి. మధ్యాహ్నం మూడు దాటాక టీ, కాఫీలు పూర్తిగా ఆపండి.

పగటి నిద్ర కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. పొద్దుటి నుంచి పేరుకున్న అడినోసిన్‌ను ఆ రెండు గంటలూ ఖర్చు చేసేస్తే రాత్రికి మిగిలేది తక్కువ. గుంటూరు ఎండల్లో భోజనం చేశాక కన్ను మూతపడటం తప్పు కాదు, అలారం పెట్టుకుని 20, 30 నిమిషాల్లో లేవండి. రాత్రి నిద్ర ఎలా ఉన్నా ఉదయం ఒకే వేళకు లేచి, కాసేపు ఎండ పొడలో మిద్దె మీద నడవండి. ఉదయపు వెలుతురు సోకితే, శరీరాన్ని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఊరే వేళ సర్దుకుంటుంది. డబ్బు ఖర్చు లేని ఈ పని ఏ చూర్ణం కన్నా మేలని నా అభిప్రాయం.

పడుకోవడానికి గంట, గంటన్నర ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయండి. చర్మంలోని రక్తనాళాలు విప్పారి లోపలి వేడి బయటికి పోవడంతో, నిద్రకు అవసరమైనట్లుగా శరీరం చల్లబడుతుంది. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లను వేరే కాచవలసిన పని కూడా ఉండదు. మూడింటికి మెలకువ వస్తే గడియారం, ఫోను చూడకండి. ఇరవై నిమిషాల పాటు నిద్ర రానట్లు అనిపిస్తే లేచి మసక వెలుతురులో కూర్చుని, మగత కమ్మాకే మళ్లీ పక్క మీదికి వెళ్లండి.

ఇక జాజికాయ. గంధంలా అరగదీసి చిటికెడు పాలలో కలుపుకుంటే సాధారణంగా హాని లేదు, అయితే అది నిద్ర పట్టిస్తుందనడానికి గట్టి ఆధారమూ లేదు. చిటికెడుతో పట్టలేదని మోతాదు పెంచడం మాత్రం ప్రమాదం. సుమారు 5 గ్రాములు, అంటే దాదాపు ఒక కాయ పొడి, లోపలికి వెళితే వాంతులు, గుండె దడ, మతిభ్రమ కలగవచ్చు. అశ్వగంధ నిద్రకు కొంత తోడ్పడుతుందని కొన్ని చిన్న పరీక్షలు చెబుతున్న మాట నిజమే. అయినా అది థైరాయిడ్ హార్మోన్లను పెంచే అవకాశం ఉంది, కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ నమోదయ్యాయి. థైరాయిడ్ మాత్ర వేసుకునే మీరు డాక్టరును అడగకుండా దానిని ముట్టుకోవద్దు. చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన మందు మందు కాకుండా పోదు.

మరో రెండు విషయాలు డాక్టరుతో తప్పక మాట్లాడండి. థైరాయిడ్ మాత్ర మోతాదు అవసరానికి మించినా నిద్ర చెదురుతుంది కాబట్టి ఒకసారి టీఎస్‌హెచ్ (మాత్ర మోతాదు సరిపోయిందో లేదో తెలిపే రక్తపరీక్ష) చేయించండి. మీ వయసులో నెలసరి ఆగే ముందు రాత్రిళ్లు ఒళ్లు ఆవిర్లెత్తి, చెమటతో మెలకువ రావడం మామూలే. మీకూ అలా ఉంటే దాచుకోకుండా చెప్పండి. వారంలో మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు దాటితే దానిని దీర్ఘకాలిక నిద్రలేమిగా లెక్కిస్తారు, మీది ఆ గీత దాటింది. ఇలాంటివారికి మాత్రల కన్నా ముందు, నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిచేసే సీబీటీ-ఐ చికిత్స ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే సూచించింది. పై మార్పులతో నెల రోజుల్లో గుణం కనిపించకపోతే ఈ చికిత్స తెలిసిన మానసిక వైద్యులను కలవండి.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. పెద్దగా గురక పెడతారు, మధ్యలో ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడతారు. ఎనిమిది గంటలు పడుకున్నా పగలు కునికిపాట్లు పడుతున్నారు. మంచి మూలిక ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: దీనికి మూలికలు వెతుకుతూ కాలం గడపకండి. మీరు చెప్పిన లక్షణాలు స్లీప్ ఆప్నియాను సూచిస్తున్నాయి. నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోవడం వల్ల ఇది వస్తుంది, రక్తపోటునూ పెంచుతుంది. ఊపిరితిత్తుల నిపుణులను గాని, చెవి, ముక్కు, గొంతు వైద్యులను గాని కలిసి నిద్ర పరీక్ష చేయించండి. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం మానడం మేలు చేస్తాయి గాని అవి పరీక్షకు బదులు కావు. ఫలితం వచ్చి చికిత్స మొదలయ్యేదాకా నాన్నగారిని బండి నడపనివ్వకండి.