ఎక్కడం సరే, దిగడం ఎలా?

ప్రశ్న: నవంబరులో ఆఫీసు మిత్రులతో కర్ణాటకలోని కుక్కే సుబ్రహ్మణ్య వైపు నుంచి కుమార పర్వతం ఎక్కాలనుకుంటున్నాం. బెంగళూరు దగ్గరి సావనదుర్గ కొండ ఇబ్బంది లేకుండానే ఎక్కాను. కానీ దిగేటప్పుడు మోకాళ్లు వణికాయి, బొటనవేలి గోరు నల్లబడింది. ఏం చేయాలి? నీళ్లు ఎన్ని పట్టుకెళ్లాలి? జలగలకు ఉప్పు చాలా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: సావనదుర్గను కొలతగా పెట్టుకోకండి. అది బండ, పూట పని. కుమార పర్వతం ఎత్తు 1,712 మీటర్లు. కుక్కే నుంచి 1,500 మీటర్లకు పైగా ఎక్కాలి, మళ్లీ అంతా దిగాలి.

దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపుతుంది. మోకాళ్ల వణుకు అది అలసిపోవడం వల్లే. మెట్లెక్కి లిఫ్టులో దిగితే ఆ కండరానికి అలవాటు కాదు. తిరగేయండి: లిఫ్టులో పైకెళ్లి, వీపున 5 కిలోల బ్యాగుతో మెట్లు దిగండి. అంతస్తుకు 3 మీటర్లనుకుంటే 1,500 మీటర్లకు 500 అంతస్తులు! అన్నీ దిగమనడం లేదు. రోజు విడిచి రోజు, 30 అంతస్తులతో మొదలుపెట్టి ఆరు వారాల్లో 100 దాకా తెచ్చుకుంటే చాలు. మొదట్లో తొడలు పట్టేయడం మామూలే. మోకాలి కీలు వాచినా, లోపల నొప్పి పెట్టినా మానేసి డాక్టరుకు చూపించుకోండి.

గోరు నల్లబడింది పాదం ముందుకు జారి బూటు ముక్కుకు కొట్టుకోవడం వల్ల. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. దిగేముందు లేసు బిగింపు మార్చండి: చివరి రంధ్రంలోకి లేసును అదే పక్కనుంచి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి, రెండోవైపూ అంతే. ఒక్కో కొసను ఎదుటి ఉచ్చులోంచి తీసి, మడమ వెనక్కి ఆనించి లాగి కట్టండి. మడమ కదలకపోతే వేళ్లు క్షేమం. కొత్త బూట్లతో మాత్రం వెళ్లొద్దు.

నీళ్లు మనిషికి 3 లీటర్లు, ఒక ఓఆర్ఎస్ పొట్లం. దారిలో వచ్చే ‘భట్టర మనె’ అనే ఇంటి దాకా అడవి నీడ కాబట్టి దాహం తెలీదు. అటవీశాఖ చెక్‌పోస్టు దాటాక ఎండకు ఎదురైన పచ్చిక వాలు. ఉన్న నీళ్లన్నీ అక్కడే అయిపోతాయి. పైదారిలో కల్లు మంటపం (రాతి మంటపం) దగ్గర వాగుంది కదా అని సీసాలు ఖాళీగా మోయొద్దు.

ఉప్పు బూట్ల మీద, సాక్సుల అంచున చల్లుకోవడానికే. అంటుకున్న జలగ మీద పోస్తే కడుపులోది గాయంలోకి కక్కుతుంది. సన్నగా ఉన్న కొస కింద గోరు పెట్టి పక్కకు నెట్టేయండి. దాని లాలాజలం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. కాసేపు కారినా కంగారొద్దు, కడిగి నొక్కి పట్టండి.

అనుమతి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. శిఖరం మీద గుడారాలు వేయనివ్వరు. తెల్లవారగానే బయల్దేరి, ఎంతవరకు వచ్చినా మధ్యాహ్నం 12కు వెనక్కి తిరగండి. కింది అడవిలో ఐదున్నరకే చీకటి పడుతుంది, ఫోను లైటును నమ్ముకోక తలకు కట్టుకునే టార్చి ఒక్కొక్కరికి ఒకటి పెట్టుకోండి.