అణ్వస్త్ర వ్యాప్తిపై వ్యాసం రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

అణ్వస్త్రాల వ్యాప్తిని అరికట్టడానికి దౌత్యం మేలా, సైనిక బలం మేలా అన్న విషయంపై నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యాలకు పట్టు ఉంది. అయితే మొదటి పేరాలోనే దౌత్యం పక్షాన తీర్పు చెప్పేసి, మిగిలిన పేజీలన్నీ ఆ తీర్పుకు అనుకూలమైన సాక్ష్యాలు ఏరుకోవడానికే ఖర్చు చేశావు. ఎదుటి పక్షంవాడు తన దగ్గరున్న బలమైన ఉదాహరణ కోసం వెతుకుతాడు. అది కనిపించకపోతే నీ వ్యాసాన్ని సగంలోనే పక్కన పెట్టేస్తాడు.

ఆ ఉదాహరణ ఒసిరాక్. 1981 జూన్ 7న ఇజ్రాయెల్ యుద్ధ విమానాలు బాగ్దాద్ సమీపంలోని తువైథాలో ఫ్రాన్స్ సాయంతో నిర్మాణమవుతున్న రియాక్టర్‌ను ధ్వంసం చేశాయి. అది మళ్లీ పనికి రాలేదు. ఇక్కడితో కథ ఆపితే సైనిక బలమే గెలిచినట్టు లెక్క. చాలామంది ఇక్కడితోనే ఆపుతారు కూడా. నీవు తర్వాతి పదేళ్లు కూడా రాయి. ఆ రియాక్టర్ ఉండగా అక్కడ ఫ్రెంచి నిపుణులు పనిచేసేవారు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదారులు వచ్చి వెళ్లేవారు. దాడి తర్వాత సద్దాం ప్రభుత్వం మరింత డబ్బు, మరింత మంది శాస్త్రవేత్తలను వెచ్చించి, ఎవరి కంటా పడకుండా యురేనియం శుద్ధి వైపు, అంటే బాంబుకు పనికొచ్చే యురేనియం-235 పాలును పెంచే పని వైపు మళ్లింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వాడి వదిలేసిన విద్యుదయస్కాంత పద్ధతిని ఇరాక్ ఎంత పెద్ద ఎత్తున చేపట్టిందో 1991 గల్ఫ్ యుద్ధం ముగిసి తనిఖీదారులు లోపలికి అడుగుపెట్టాకే లోకానికి తెలిసింది. దాడి జరగకపోయినా సద్దాం బాంబు కోసం ప్రయత్నించి ఉండేవాడనే వాదన ఉంది, దాన్ని దాచకు. ఆ రహస్య కార్యక్రమానికి అడ్డుకట్ట వేసింది ఒక యుద్ధమే అన్నదీ దాచకు. కాకపోతే ఆ యుద్ధంలో బాంబులు వేసినవారికి తెలియని కేంద్రాలను తర్వాత బయటపెట్టింది తనిఖీదారులే. ఈ చిక్కును నీకు అనుకూలంగా చదును చేయకుండా ఉన్నదున్నట్టుగా పాఠకుడి ముందు పెడితే, అతను నిన్ను నమ్మడం మొదలుపెడతాడు.

ఇక ఉత్తర కొరియాను నీవు ‘దౌత్యానికి మినహాయింపు’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. ఈ విషయంలో నీతో నాకు పేచీ ఉంది. తాను ఒక్కసారి మాత్రమే, అదీ 100 గ్రాములలోపు, వాడిన ఇంధనం నుంచి బాంబుకు పనికొచ్చే ప్లుటోనియం వేరుచేశానని ఆ దేశం 1992లో ప్రకటించింది. తనిఖీదారులు ఆ దేశపు యోంగ్‌బ్యోన్ అణుకేంద్రంలో పరికరాలను చిన్న గుడ్డ ముక్కలతో తుడిచి, ఆ గుడ్డలకు అంటిన కంటికి కనిపించని రేణువులను ప్రయోగశాలలో పరీక్షిస్తే, ఆ పని పలుమార్లు జరిగినట్టు తేలింది. ఒక ప్రభుత్వం చెప్పిన లెక్క తప్పని తుడుపుగుడ్డ రుజువు చేసిన ఘట్టమిది. నీ వ్యాసంలో వర్ణనకు చోటు ఎక్కడైనా ఉందంటే ఇక్కడే, నీవేమో దాన్ని శాంతి గురించిన ఉపన్యాసానికి వాడేసుకున్నావు.

1994లో యోంగ్‌బ్యోన్‌పై దాడి చేయాలని అమెరికా ప్రభుత్వం ఆలోచించింది. దక్షిణ కొరియా రాజధాని సియోల్ ఉత్తర కొరియా ఫిరంగులకు అందేంత దూరంలోనే ఉంది కాబట్టి ఆ ఆలోచనకు చెల్లించాల్సిన మూల్యం అందరికీ తెలుసు. జూన్‌లో మాజీ అధ్యక్షుడు కార్టర్ ప్యాంగ్యాంగ్ వెళ్లారు, అక్టోబరులో జెనీవాలో, యోంగ్‌బ్యోన్ పని ఆపితే బదులుగా విద్యుత్ రియాక్టర్లు ఇస్తామని అమెరికాతో ఒప్పందం కుదిరింది. దాదాపు 8,000 వాడిన ఇంధన కడ్డీలు సీళ్ల కింద, తనిఖీదారుల కళ్లెదుట ఉండిపోయాయి. ఒప్పందం నడుస్తుండగానే ఉత్తర కొరియా చాటుగా యురేనియం శుద్ధికి సామగ్రి కూడబెట్టింది, ఇస్తామన్న రియాక్టర్ల నిర్మాణం ఆలస్యమైంది, 2002 చివరిలో సీళ్లు తీసేసి తనిఖీదారులను వెళ్లగొట్టారు, 2006 అక్టోబరు 9న తొలి అణు పరీక్ష జరిగింది. ఇవన్నీ నిజమే. అయినా ఆ ఎనిమిదేళ్లూ ఆ కడ్డీల నుంచి ప్లుటోనియం బయటికి రాలేదు. దీన్ని వైఫల్యం అనే హక్కు నీకుంది, కానీ ఆ ఎనిమిదేళ్లను ఏ ఖాతాలో వేస్తావో చెప్పిన తర్వాతే.

నేను కూడా చివరికి దౌత్యం వైపే మొగ్గుతాను. అది మెత్తనిదనో, నీతిమంతమైనదనో కాదు. తనిఖీలతో కూడిన ఒప్పందం ఉన్నచోట ఎంత పదార్థం ఎక్కడుందో తెలుస్తుంది, అది తెలియనప్పుడు బాంబు వేసేవాడికి కూడా ఎక్కడ వేయాలో తెలియదు. ఆంక్షలు, దాడి భయం వెనుక లేకుండా మాటలతోనే అన్నీ కుదిరాయని మాత్రం రాయకు. దక్షిణాఫ్రికా తాను తయారుచేసుకున్న ఆరు బాంబులను విప్పేసి 1991లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరిందన్నది మంచి ఉదాహరణే, ఒక్క వాక్యం చాలు. లిబియాకు మాత్రం ఒక పేరా ఇవ్వు. 2003లో గడాఫీ తన కార్యక్రమాన్ని అప్పగించాడు, 2011లో నాటో వైమానిక దాడుల మధ్య అధికారాన్నీ ప్రాణాన్నీ పోగొట్టుకున్నాడు. అది చూసిన ఇతర పాలకులకు దౌత్యం మీద నమ్మకం ఎలా మిగులుతుందన్న ప్రశ్నకు నీ వ్యాసంలో జవాబు లేదు, నా దగ్గరా పూర్తి జవాబు లేదు.

ఇరాన్ గురించిన చివరి భాగాన్ని పూర్తిగా తిరగరాయాలి. అమెరికా సహా ఆరు దేశాలతో ఇరాన్ చేసుకున్న 2015 ఒప్పందం యురేనియం శుద్ధి స్థాయిని 3.67 శాతానికి, నిల్వను 300 కిలోలకు పరిమితం చేసింది. 2018లో అమెరికా దాని నుంచి బయటికి వచ్చింది. 2021లో ఇరాన్ శుద్ధిలో 60 శాతానికి చేరింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, అమెరికా దాడులు జరిగాయి. ఈ వరుసను ఆవేశం లేకుండా చెప్పి, ‘ధ్వంసం’ అన్న మాట దగ్గర ఆగు. ఏం ధ్వంసమైంది? నతాంజ్, ఫోర్డో, ఇస్ఫహాన్ అణుకేంద్రాలలో కట్టడాలు, యంత్రాలు దెబ్బతిన్నాయి. దాడులకు ముందు 60 శాతం శుద్ధిచేసిన యురేనియం 400 కిలోలకు పైగా ఉన్నట్టు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్క కట్టింది. దాడుల తర్వాత ఇరాన్ ఆ సంస్థతో సహకారాన్ని నిలిపేయడంతో, ఆ నిల్వను నెలల తరబడి ఎవరూ స్వయంగా సరిచూడలేకపోయారు. ఆ భాగాన్ని ఈ సంగతితో మొదలుపెట్టి, మార్చిన ప్రతి నాకు పంపు.