ఆకు అచ్చు రావడం లేదంటే ఇలా చేసి చూడండి

అక్కా, ఒంగోలు పార్కులో పిల్లలతో ఆకుల మీద కాగితం వేసి క్రేయాన్‌తో రుద్దిస్తుంటే అచ్చు పడటం లేదు, గట్టిగా రుద్దితే చిరిగిపోతోందని రాశారు కదా. నాకు డ్రాయింగ్ షీట్ మీదే అనుమానం. మందంగా ఉంటే గీతలు పైకి తేలవు, పిల్లలు బలమంతా పెడతారు. మామూలు జిరాక్స్ పేపర్ చాలు. క్రేయాన్‌కున్న కాగితం ఒలిచేసి, అడ్డంగా పడుకోబెట్టి తేలిగ్గా రుద్దమనండి. ఆకు పచ్చిదై ఉండాలి, ఈనెలు ఉబ్బిన వెనకవైపు పైకి రావాలి. అట్టకు బట్టల క్లిప్పులతో కాగితం బిగిస్తే జరగదు. మా పాప రావి ఆకు రుద్దినప్పుడు ముందు నడిమి ఈనె, తర్వాత పక్క ఈనెలు, చివర్న ఆ సన్నటి తోక కనబడ్డాయి. ఎంత సంబరపడిందో!

వేప బెరడు, ఇటుక కూడా బాగుంటాయి. పాలిష్ చేసిన చీమకుర్తి గ్రానైట్ వద్దు, నున్నటి రాయి మీద ఏమీ రాదు. మన ఎండకు క్రేయాన్ మెత్తబడి అలుక్కుపోతుంది, అందుకే పొద్దున్నే వెళ్లండి.

కొత్తపట్నం బీచ్‌కి వెళ్తే అట్ట మీద ఫెవికాల్‌తో బొమ్మ గీయించి పొడి ఇసుక చల్లించండి. ఆరాక దులిపితే గరుకు బొమ్మ మిగులుతుంది. పిల్లలు దాన్ని వేళ్లతో తడుముతూనే ఉంటారు.