షేర్లు కొంటానంటున్న మేనల్లుడికి

చిన్నా,

నువ్వు షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా తెరిచావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. "వాడు జూదంలోకి దిగుతున్నాడక్కా, నువ్వైనా గట్టిగా చెప్పు" అని ఒకటే గోల. ఉద్యోగంలో చేరిన ఏడాదికే దాచుకోవాలనే ఆలోచన వచ్చినందుకు నాకు గర్వంగా ఉంది. భయం కూడా ఉంది. అది ఎందుకో చెప్పాలనే ఇదంతా రాస్తున్నా.

షేరు కొంటే ఆ కంపెనీలో వాటాదారువి. లాభమైనా నష్టమైనా నీదే. బాండు కొంటే అప్పిచ్చినవాడివి, వాళ్లకి లాభమొచ్చినా రాకపోయినా నీ వడ్డీ నీకు కట్టాలి. కంపెనీ మూతపడితే ముందు అప్పులవాళ్లకి, ఆ తర్వాత ఏమైనా మిగిలితేనే వాటాదారులకి. బ్యాంకులో ఇన్నేళ్లు పనిచేసి చూశాను, బాండంటే ఎఫ్‌డీ లాంటిదేగా అనుకునేవాళ్లే ఎక్కువ. కాదురా. బయట కొత్త బాండు 8 శాతం ఇస్తుంటే, 7 శాతం ఇచ్చే నీ పాత బాండుని పూర్తి ధరకి ఎవరు కొంటారు? మధ్యలో అమ్మాల్సి వస్తే నష్టానికే అమ్మాలి. ఎఫ్‌డీకి 5 లక్షల దాకా బీమా ఉంది, కంపెనీ బాండుకి అదీ లేదు. ఎవరైనా 12 శాతం ఇస్తామంటే, తక్కువ వడ్డీకి వాళ్లకి అప్పు ఎందుకు పుట్టడం లేదో ముందు కనుక్కో. అంత భయమైతే ప్రభుత్వ బాండ్లున్నాయి, రిజర్వు బ్యాంకు వాళ్ల రిటైల్ డైరెక్ట్ వెబ్‌సైట్లో 10 వేలతో కూడా కొనుక్కోవచ్చు.

ఆర్నెల్ల ఖర్చులకి డబ్బు పక్కన పెట్టు. ఆరోగ్య బీమా తీసుకో. మొదట్లో ఇండెక్స్ ఫండులో, అంటే మార్కెట్ సూచీలో ఉన్న కంపెనీలన్నిట్లో కొంచెం కొంచెం పెట్టే ఫండులో, నెలనెలా వేసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

మామయ్య సంగతి మాత్రం నీకు తెలీదు. అప్పుడు నువ్వు బాగా చిన్నవాడివి. 2007లో మార్కెట్ పరుగులు పెడుతుంటే ఆయన మధ్యాహ్నం భోజనం వేళకి హిమాయత్‌నగర్‌లో బ్రోకర్ ఆఫీసుకెళ్లి స్క్రీన్ ముందు కూర్చునేవారు. సొంత డబ్బుతో కొన్నంతకాలం బాగానే ఉంది. ఆ తర్వాత పర్సనల్ లోను తీసుకున్నారు. దాని మీద బ్రోకర్ దగ్గర మార్జిన్‌లో, అంటే కొంత కట్టి మిగతాది బ్రోకర్ దగ్గర అప్పు పెట్టి, ఇంకా కొన్నారు. 2008 జనవరిలో 21 వేలు దాటిన మార్కెట్ సూచీ సెన్సెక్స్ ఆ నెలలోనే కుప్పకూలింది. సాయంత్రంలోగా తగ్గిన మార్జిన్ డబ్బు కట్టకపోతే షేర్లు అమ్మేస్తామని బ్రోకర్ ఫోన్లు. లాకర్లోంచి నా గాజులు తీసి తాకట్టు పెట్టి కట్టారు. అది కూడా చాల్లేదు. అక్టోబరులో సెన్సెక్స్ 8 వేల కిందికి జారేసరికి ఆయన పేర ఒక్క షేరూ మిగల్లేదు.

బ్యాంకులో రోజూ ఊళ్లోవాళ్ల గోల్డ్ లోన్లు చూసే నాకు, మా ఇంటి తాకట్టు సంగతి రెన్యువల్ నోటీసు వస్తేగానీ తెలియలేదు. అరిచాను. ఆయన తల వంచుకుని, తువ్వాలు అంచు మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నారు. గాజులు పోయినందుకు కాదురా నా బాధ. అన్ని నెలలూ నా పక్కనే కూర్చుని అన్నం తింటూ ఒక్క ముక్క చెప్పుకోలేకపోయారు. లోపల ఎంత నలిగిపోయారో!

2010 దీపావళికి సెన్సెక్స్ మళ్లీ 21 వేలు తాకింది. ఆయన కొన్న కంపెనీలూ చెడ్డవి కావు. అప్పు లేకపోతే ఆ రెండేళ్లూ ఓపిక పట్టేవాళ్లం. మార్కెట్ ఎప్పుడు లేస్తుందో మనకి తెలీదు, ఈఎంఐ తేదీ మాత్రం నెలనెలా వస్తుంది.

ఇప్పుడు మీ యాప్‌లలో మార్జిన్ ఒక్క నొక్కుతో వచ్చేస్తుందట. దాని జోలికి పోయావంటే నేనే వచ్చి నీ ఫోన్ లాక్కుంటా. ధర పెరుగుతుందా తగ్గుతుందా అని ముందే కాసే ఫ్యూచర్స్, ఆప్షన్స్ అంటూ స్నేహితులు పిలిస్తే, మార్కెట్‌ని అదుపు చేసే సెబీ వాళ్ల లెక్క చూపించు. 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాటిలో దిగిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది నష్టపోయారు.

డబ్బు పోయినా సరే, నాకు చెప్పు. లక్ష పోయినా తిట్టను, దాస్తే మాత్రం ఊరుకోను. ఆదివారం నల్లకుంటకి రా. ఖాతాలో నామినీగా మీ అమ్మ పేరు పెట్టావో లేదో చూద్దాం. ఏం కొన్నావో ఓ కాగితం మీద రాసి తీసుకురా, ఒక కాపీ నా బీరువాలో ఉంటుంది. గోంగూర పప్పు చేస్తాను, భోజనానికి ముందే వచ్చేయ్.

మీ అత్త